అచ్చిరాని ఇళ్ళు

తెల్లాపూర్ విల్లాలో అన్నీ ఉన్నాయి. తూర్పు గుమ్మం, ఆగ్నేయంలో వంటిల్లు, ఈశాన్యంలో పూజగది, మేడ మీద నైరుతిలో పెద్ద పడకగది. వెనక పచ్చటి లాన్, దాని పక్కన ఈతకొలను. బాల్కనీలో నిలబడితే దూరంగా గుట్టలు కనిపిస్తాయి. ఆ గుట్టల్ని కూడా రేపో మాపో ఎవరో ఒకరు తొలిచి విల్లాలు కడతారనుకోండి, అది వేరే సంగతి. ఇన్ని ఉన్న ఆ ఇంట్లో లేనిదల్లా నిరంజన్. మూడో ఏడు తిరిగేసరికి అతను అందులో లేడు.

అలేఖ్య కళ్ళద్దాలు తీసి, చున్నీతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఖాళీ హాల్లో బూడిదరంగు నీడలు తిరుగుతున్నాయి. అద్దాల పక్కనున్న చిన్న చక్రాన్ని వేలితో తిప్పితే ఆ నీడలకి ఏళ్ళు గడుస్తాయి. మొదటి ఏడాదిలో మూడు నీడలున్నాయి. వంటింటికీ హాలుకీ మధ్య హడావిడిగా తిరిగేది తనది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది కూతురు తన్విది. పాఠం తయారుచేసుకుంటూ కిటికీ నుంచి గోడ దాకా, గోడ నుంచి కిటికీ దాకా పచార్లు చేసేది భర్తది. రెండో ఏడాదిలో ఆ పచార్లు తగ్గాయి. మూడో ఏడాదిలో రెండే నీడలు మిగిలాయి.

అసలు నిరంజన్ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, కాలికి చెప్పు సరిచేసుకుంటున్నాడు.

"ఏమైంది? గట్ల నిలబడ్డవేంది?" అన్నాడు.

"ఏం లేదు. ఈ ఇల్లు మనకి అచ్చిరాదు."

"మంచిగనే ఉంది గదా."

"అచ్చిరాదన్నానా!"

తూర్పు ముఖంలో ఇదొక్కటే మిగిలిందంటూ సేల్స్ మేనేజరు కారు దాకా వెంటపడ్డాడు. అలేఖ్య కారు తలుపు వేసుకుంది. వెనక సీట్లో తన్వి ఈతకొలను పోయిందని కాసేపు మూతి ముడుచుకుంది.

ఆ కళ్ళద్దాలు అలేఖ్య చేసినవే. ఆమె గచ్చిబౌలిలోని ఒక ప్రయోగశాలలో పెద్ద శాస్త్రవేత్త. రైల్వే స్టేషన్లలో జనం ఎటు నడుస్తారో, ఎక్కడ తొక్కిసలాట అవుతుందో ముందే లెక్కగట్టడానికి మొదలుపెట్టిన పని అది. మనిషి అడుగుల చప్పుడులో అతని బరువు, తొందర, అలవాటు అన్నీ ఉంటాయని ఆమె కనిపెట్టింది. ఇంటి నేల మూలల్లో పలుచటి పట్టీలు అంటించి ఓ నెల వదిలేస్తే చాలు, ఆ ఇంట్లో వాళ్ళ నడకంతా యంత్రం నేర్చుకుంటుంది. తర్వాత వాళ్ళని ఏ ఖాళీ ఇంట్లోకి తీసుకెళ్ళినా, అందులో వాళ్ళు ఎలా మసలుతారో ఏళ్ళ తరబడి ముందుకు చూపిస్తుంది.

రైల్వే వాళ్ళు దాన్ని పట్టించుకోలేదు. బిల్డర్లు ఎగబడ్డారు. నగరం చుట్టూ కోట్ల రూపాయల ఇళ్ళు లేస్తున్న రోజులు. కొనేవాళ్ళకి ఎన్ని చూసినా అనుమానం తీరదు. అలాంటి వాళ్ళకి తమ నీడలు తామే చూసుకోవడం తెగ నచ్చింది. దానికి 'నీడపట్టు' అని పేరు పెట్టారు. కంపెనీలో అలేఖ్య వాటాల విలువ పెరిగి, కూకట్‌పల్లిలోని ఐదో అంతస్తు ఫ్లాటు వదిలి విల్లా కొనే స్తోమతు ఆ కుటుంబానికి వచ్చింది అలాగే.

ఒక్కటే చిక్కు వచ్చింది. కొన్ని ఇళ్ళలో కొందరి నీడలు మధ్యలో మాయమయ్యేవి. "మా అత్తగారు లేరేంటండీ, అంటే ఏంటండీ?" అని మొదట్లో ఒకావిడ కళ్ళద్దాలు విసిరికొట్టి ఏడ్చింది. ఎందుకు మాయమవుతాయో యంత్రం చెప్పదు. పిల్లలు హాస్టల్‌కి పోవచ్చు, భార్యాభర్తలు విడిపోవచ్చు, బదిలీలు కావచ్చు. ఆ మనిషి అప్పుడు ఆ ఇంట్లో ఉండడు, అంతవరకే దానికి తెలుసు. డైరెక్టర్ చంద్రమౌళి అందరినీ కూర్చోబెట్టి, "మనిషి లేడని చెబితే ఎవరూ కొనరు. ఇల్లు అచ్చిరాదని చెప్పండి. ఇంకో ఇల్లు చూపించమంటారు," అన్నాడు.

అది మన వాళ్ళకి చప్పున అర్థమయ్యే మాట. ఇంట్లో జ్వరమొస్తే గుమ్మం వైపు చూస్తాం, వ్యాపారం దెబ్బతింటే మెట్ల కిందున్న బాత్‌రూమ్ పగలగొట్టిస్తాం. తప్పు గోడదైతే గోడ మార్చుకోవచ్చు, మనం మారనక్కర్లేదు. నీడ మాయమైన చోట తెర మీద 'అచ్చిరాదు' అని ఎర్రక్షరాలు వచ్చేలా మార్చారు. ఆ మార్పు కాగితం కింద ఆమోద సంతకం అలేఖ్యదే. అదేమంత పెద్ద సంగతిగా ఆమెకి అప్పుడు తోచలేదు. కానీ వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పీ చెప్పీ ఆమె కూడా దాన్నే నమ్మడం మొదలుపెట్టింది.

తెల్లాపూర్ తర్వాత కోకాపేట, కోకాపేట తర్వాత నార్సింగి, తర్వాత మోకిల. ఆదివారం వస్తే చాలు, ముగ్గురూ కారెక్కేవాళ్ళు. ఒక చోట ఇంటికి లిఫ్ట్ ఉంది కానీ బిల్డర్ ఇంకా బిగించలేదు. ఇంకో చోట మేడ మీద సినిమా హాలు ఉంది. అన్నిట్లోనూ కింద హాలు, పైన పడకగదులు. అన్నిట్లోనూ మూడో ఏడాదికి నిరంజన్ నీడ లేదు. మోకిలలో బిల్డర్ బతిమాలి మెట్లు ఇటు నుంచి అటు మార్పిస్తానన్నాడు. అలేఖ్య కంప్యూటర్లో మెట్లు మార్చి చూసింది, గుమ్మం జరిపి చూసింది, పడకగదిని దక్షిణానికి తిప్పి చూసింది. ఎన్ని తిప్పినా రెండు నీడలే.

"నన్ను ఏ ఇల్లూ రానిస్తలేదు," అని నిరంజన్ నవ్వేవాడు. అతను ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు. సూర్యాపేట మనిషి, దేనికీ తొందరగా కంగారుపడడు. "ఇల్లరికం అల్లుడినైనా ఇంత చులకన చెయ్యరు."

అలేఖ్యకి నవ్వు వచ్చేది కాదు. ఒక రోజు వంట చేస్తూ చేస్తూ, "నన్ను వదిలేసి వెళ్ళే ఉద్దేశం ఏమన్నా ఉందా? నిజం చెప్పు," అంది.

"నీకేమన్న పిచ్చా?"

"వరంగల్ బ్రాంచికి పంపుతామని మీ కాలేజీవాళ్ళు ఏమైనా అన్నారా?"

"అనలే."

"మరెందుకు లేవు?"

అతను ప్లేటు కడిగి బోర్లించి, సోఫాలో కూలబడ్డాడు. ఈమధ్య అతను ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చుంటున్నాడు. క్లాసులో కూడా కుర్చీ వేయించుకుని చెబుతున్నాడట. ఇళ్ళు చూడటానికి వెళితే, "మీరు మేడ మీద చూసి రాండ్రి, నేనిక్కడ కూసుంట," అనేవాడు. అతనికి విసుగు పుట్టిందని అలేఖ్య అనుకుంది. కోపం కూడా తెచ్చుకుంది. "ఇల్లు నాకొక్కదానికేనా? నువ్వుంటావా ఉండవా అని నేను చస్తుంటే నీకు మెట్లెక్కడానికి బద్ధకం!" అని నార్సింగిలో సేల్స్ వాళ్ళ ముందే అరిచేసింది. నిరంజన్ లేచి, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చాడు. పైకి వచ్చాక ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో అతనికే తెలియలేదు. తన్వి పకపకా నవ్వుతూ కిందికి పరిగెత్తి తెచ్చింది. నాన్న చెప్పు వెతకడం ఆ పిల్లకి అప్పటికే ఒక ఆట.

ప్రయోగశాలలో లెక్కలన్నీ సరిచూసే రుబీనా ఒక మధ్యాహ్నం టీ తాగుతూ అడిగింది. "మేడమ్, ఇన్ని ఇళ్ళల్లో చూశారు. ఇప్పుడుండే ఫ్లాట్‌లో ఒకసారి తిప్పి చూశారా?"

"ఖాళీ చేసే ఇంట్లో చూసేదేముంది రుబీనా?"

"అలా కాదు. అక్కడ కూడా సార్ లేకపోతే, ఇల్లు కారణం కాదని తెలుస్తుంది కదా."

ప్రయోగంలో ఏదీ మార్చని నమూనా ఒకటి పక్కన పెట్టుకోవాలని, దాంతో పోల్చుకోవాలని కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి రోజే చెప్పేది అలేఖ్యే. రుబీనాకి చెప్పింది కూడా ఆమే. అయినా, "చూద్దాంలే," అని కప్పు కడగడానికి వెళ్ళిపోయింది. ఆమెకి భయం. ఇల్లు కారణమైతే ఇంకో ఇల్లుంటుంది. ఇల్లు కారణం కాకపోతే ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు. ఇక్కడే ఆమె మీద నాకు జాలీ కోపమూ రెండూ కలుగుతాయి. అంత చదువుకున్న మనిషి ఆ ఒక్క సాయంత్రం ఇంటికెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకుని ఉంటే!

పెట్టుకోలేదు. వానాకాలం పోయి, చలికాలం పోయి, మళ్ళీ ఎండలు వచ్చాయి. అప్పుడు దొరికింది శంకర్‌పల్లి రోడ్డు మీద ఇల్లు.

అది కొత్తది కాదు. ఎవరో డాక్టరమ్మ తన తల్లి కోసం ముచ్చటగా కట్టించుకుందట, ఆ తల్లి పోయాక అమ్మేస్తోంది. చుట్టూ మామిడి మొక్కలు, నున్నటి కోటా రాయి నేల. కిందనే, వంటింటి పక్కన, తోటలోకి కిటికీ ఉన్న పెద్ద గది. తలుపులు మామూలు ఇళ్ళలో కంటే వెడల్పు. గుమ్మం ముందు మెట్ల బదులు వాలుగా కట్టారు. తన్వి సైకిల్ ఎక్కించుకోవడానికి బాగుంటుందని అలేఖ్య అనుకుంది.

కళ్ళద్దాలు పెట్టుకుని చక్రం తిప్పింది. మొదటి ఏడాది, రెండో ఏడాది. మూడో ఏడాదికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. మళ్ళీ ముందుకు తిప్పింది. నిరంజన్ నీడ ఉంది! కింది గదిలో, కిటికీ పక్కన, కూర్చుని ఉంది. నాలుగో ఏడాదీ ఉంది. చక్రం చివరి దాకా తిప్పినా అక్కడే ఉంది. తన నీడ వంటింట్లోంచి మాటిమాటికీ ఆ గదిలోకి వెళుతోంది. మేడ మీద ఉండాల్సిన తన్వి నీడ కూడా ఎప్పుడూ ఆ గదిలోనే.

అలేఖ్య గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నిరంజన్ కంగారుపడి వచ్చి, కళ్ళద్దాలు తీసుకుని తనూ చూశాడు.

"అబ్బ, రాజా లెక్క కూసున్న గదా!" అన్నాడు. "లేస్తనే లేను. మీరిద్దరు నా చుట్టే తిరుగుతున్రు."

"నీకింతకంటే ఏం కావాలి?" అంది ఆమె ఏడుస్తూనే నవ్వుతూ.

అన్నేళ్ళ పాటు ఒక మనిషి ఒక్కసారి కూడా ఎందుకు లేవడం లేదని ఇద్దరూ అనుకోలేదు. ఉన్నాడు, అదే చాలు. వారం తిరక్కుండా ఇల్లు మాట్లాడేసుకున్నారు.

గృహప్రవేశం నాడు పాలు తూర్పు వైపు పొంగాయి. చుట్టాలందరూ శుభం అన్నారు. సత్యనారాయణ వ్రతానికి దంపతులు పీటల మీద కూర్చున్నారు. కథలన్నీ అయ్యాయి. హారతికి లేచి నిలబడమన్నారు పురోహితులు. అలేఖ్య లేచింది. నిరంజన్ లేవలేదు.

"కాళ్ళు తిమ్మిరెక్కినయ్," అని నవ్వాడు. బావమరిది చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని సగం లేచి, హోమగుండం పక్కన మోకాళ్ళ మీద కుప్పకూలాడు. అందరూ తలా ఒక మాట అన్నారు, పొద్దుటి నుంచి ఉపవాసం కదా అన్నారు, ఎవరో పంచదార నీళ్ళు తెచ్చారు. నిరంజన్ తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. "అలేఖ్యా, నాకు కాళ్ళ కింద నేల తెలుస్తలేదు," అన్నాడు మెల్లగా.

వెన్నులో గడ్డ. కాన్సర్ కాదు. నిదానంగా పెరుగుతూ వెన్నుపాముని నొక్కేసింది. డాక్టరు స్కాన్ తెర మీద వేలితో చూపించాడు.

"కాళ్ళల్లో పట్టు తగ్గడం ఎన్నాళ్ళ నుంచి? నడుస్తుంటే చెప్పు జారిపోవడం, అది తెలియకపోవడం లాంటివి?"

అలేఖ్య కంటే ముందే తన్వి చెప్పింది. "తెల్లాపూర్ ఇల్లు చూసినప్పటి నుంచి అంకుల్."

"అప్పుడే తీసుకొచ్చి ఉంటే ఆపరేషన్ చేసిన వారానికి నడిచి ఇంటికెళ్ళేవారమ్మా. ఇప్పుడు గడ్డ తీస్తాం. ప్రాణానికి భయం లేదు. కాళ్ళ సంగతి మాత్రం నేను మాటివ్వలేను."

గడ్డ తీశారు. కాళ్ళు రాలేదు.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక, వాలు మీదుగా చక్రాల కుర్చీ సునాయాసంగా లోపలికి వెళ్ళింది. వెడల్పాటి తలుపులోంచి కింది గదిలోకి వెళ్ళింది. ఆ ఇల్లు ఎందుకు అలా కట్టారో, ఆ తల్లి ఎలా బతికిందో అలేఖ్యకి అప్పుడు అర్థమైంది. నిరంజన్ కిటికీ పక్కన కుర్చీ ఆపించుకుని, "మంచి ఇల్లే కొన్నం," అన్నాడు. ఆమెని ఓదార్చడానికే అన్నాడు. ఆ మాట ఆమెని కోసేసింది.

ప్రయోగశాలకి మళ్ళీ వెళ్ళిన రోజున ఆమె చేసిన మొదటి పని, పాత ఫ్లాట్ కొలతల్లో తమ నీడలు తిప్పడం. ఐదో అంతస్తు, కింది నుంచి లిఫ్ట్ ఉంది. మూడో ఏడాదిలో నిరంజన్ నీడ ఉంది. బాల్కనీ తలుపు దగ్గర, కూర్చుని ఉంది. పక్కన నిలబడిన రుబీనా కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టింది. అప్పుడే చెప్పాను కదా అని దెప్పి ఉంటే అలేఖ్యకి అంత బాధ కలిగేది కాదు.

యంత్రం ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. పడకగదులన్నీ మేడ మీదున్న ఇళ్ళలో నడవలేని మనిషిని ఉంచుకోలేరు కాబట్టి అక్కడ లేడని చెప్పింది. ఉంచుకోగలిగిన ఇంట్లో ఉన్నాడని చెప్పింది. మొదటి రోజు నుంచీ అది అతని కాళ్ళ గురించే చెబుతోంది. వీళ్ళు ఇంటి గురించి అనుకున్నారు. 'అచ్చిరాదు' అన్న మాట యంత్రానిది కాదు, అలేఖ్య సంతకం పెట్టిన మాట.

ఆమె ఆ రోజు సాయంత్రం దాకా పాత కుటుంబాల నడకలన్నీ తీయించింది. రుబీనా ఒక తేడా పట్టుకుంది. హాస్టళ్ళకీ ఉద్యోగాలకీ వెళ్ళిపోయేవాళ్ళ అడుగు చివరి దాకా మామూలుగానే ఉండి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. అలా కాకుండా, తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఆగిన అడుగులు వేరే ఉన్నాయి. నిరంజన్‌ది అలాంటిదే. అలాంటి వాళ్ళు ఇంకా చాలామంది కనిపించారు. అందరికీ ఇల్లు అచ్చిరాదని చెప్పి పంపించారు.

"వీళ్ళందరికీ చెప్పాలి సర్," అంది చంద్రమౌళితో.

ఆయన చెడ్డవాడు కాదు. నిరంజన్ ఆపరేషన్ అయిన రోజు ఆస్పత్రిలో పొద్దున్నుంచీ కూర్చున్నాడు. ఆయన తల పట్టుకుని, "ఏమని చెప్తావమ్మా? నువ్వు డాక్టరువా? మీకు రోగమని ఫోన్ చేస్తే రేపీ పాటికి కేసులు పడతాయి. కంపెనీ ఉండదు," అన్నాడు.

"చెప్పకపోతే వాళ్ళుండరు."

"అది నీకు కచ్చితంగా తెలుసా?"

"తెలీదు. నిరంజన్ సంగతి కూడా నాకు కచ్చితంగా తెలీదు. అందుకే ఇల్లు వెతుక్కుంటూ తిరిగాను."

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అలేఖ్య రాజీనామా అక్కడే రాసిచ్చి, రుబీనా ఇచ్చిన ఆ కుటుంబాల నంబర్లు బ్యాగులో వేసుకుని వచ్చేసింది.

శనివారం పొద్దున్న, తన్వి ట్యూషన్‌కి వెళ్ళాక, నిరంజన్ గదిలో మంచం మీద కూర్చుని మొదటి నంబరు నొక్కింది. బాచుపల్లిలో ఉండే సుగుణ. ఆమె, ఆమె భర్త, ఇద్దరే. పిల్లలు స్థిరపడ్డారు, ఇప్పుడు కాస్త విశాలమైన ఇంట్లో ఉందామని వాళ్ళ ఆశ. భర్త నీడ రెండో ఏడాదికే పోయింది.

"మేడం, మీరా!" అంది సుగుణ సంబరంగా. "నేనే చేద్దామనుకుంటున్నానండీ. మీరు అచ్చిరాదన్నాక ఇంకా రెండు చూశాం. అవీ అచ్చిరాలేదు. ఇవాళ పటాన్‌చెరు అవతల ఒకటి చూడబోతున్నాం, పడమర గుమ్మం. ఆయనకి పడమర కలిసొస్తుందని మా సిద్ధాంతి గారు చెప్పారు. మీ అద్దాలు ఒక్కసారి తెచ్చి పెడతారా?"

"సుగుణ గారూ, అది కాదండీ... మీవారి... ఇల్లు కాదండీ అది..."

ఎలా చెప్పాలి? మీరు తిరిగిన రోజులన్నీ వృథా అని, తిప్పింది నేనేనని ఎలా చెప్పాలి? ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. నిరంజన్ కుర్చీ చక్రాలు తోసుకుంటూ దగ్గరికొచ్చి, ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని, స్పీకర్ నొక్కాడు.

"అమ్మా, నేను మేడం భర్తను. సారు ఇంట్లనే ఉన్నరా?"

"ఉన్నారండీ, అవతల వరండాలో పేపరు చదువుతున్నారు. ఫోను తీసుకెళ్ళి ఇవ్వనా?"

"వద్దమ్మా. మీరు తీస్కపోకుండ్రి. ఆయన్నే నడిచి రమ్మనుండ్రి. ఫోను జర నేల మీద పెట్టుండ్రి."

"నేల మీదా?" అంది ఆమె ఆశ్చర్యంగా. వాస్తు పరీక్షలాంటిదేదో అనుకున్నట్టుంది, మారు మాట్లాడకుండా పెట్టింది. "ఏవండీ, ఇలా ఓసారి రండి! మేడం వాళ్ళు!" అని పిలవడం వినిపించింది.

కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత అడుగులు. పెద్ద హాలు అయి ఉంటుంది, దూరం నుంచి వస్తున్నాయి. మెత్తటి చెప్పులు. ఒకటి, ఇంకొకటి, బాగానే వస్తున్నాయి. అలేఖ్య కళ్ళు మూసుకుని వింటోంది. జీవితమంతా విన్నది అడుగులే, ఇన్నేళ్ళలో మనిషి కోసం విన్నది ఇదే మొదలు.

హాలు మధ్యలో అడుగులు ఆగిపోయాయి.

"రండీ, పాపం వాళ్ళు ఆగారు," అంది సుగుణ.

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి నెమ్మదిగా, దగ్గర దగ్గరగా. నిరంజన్ అలేఖ్య వైపు చూశాడు. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఫోను నేల మీద నుంచి లేచిన గరగర, ఒక ఆయాసం, ఆ తర్వాత, "హలో, ఎవరండీ?" అన్న గొంతు.

"అన్నా, మీరు ముందుగాల కూసోండ్రి," అన్నాడు నిరంజన్. "కూసొని నేను చెప్పేది ఇనుండ్రి. ఇయ్యాల ఇల్లు చూడనీకి పోకుండ్రి."